ప్రతి ఏడో గుమ్మం

జూన్ 3, సోమవారం

ఇవాళ ట్రైనింగ్. ఫ్యాను కింద కూర్చోబెట్టి నాలుగు గంటలు నేర్పించారు, గుమ్మం ముందు ఎలా నిలబడాలో, ఎలా నవ్వాలో. పన్నెండేళ్ళుగా ఇళ్ళు తిరిగి సర్వేలు చేస్తున్నదాన్ని నేను. నవ్వడం కొత్తగా నేర్పేసరికి ఉన్న నవ్వు కాస్తా పోయింది.

ఈసారి సర్వే కాలవ మీద. కాలవ ఒడ్డున అద్దకం షెడ్లు పద్నాలుగున్నాయి. నూలుకి రంగులేసి ఆ నీళ్ళు కాలవలోకి వదులుతారు. ఒకరోజు కాలవ ఎర్రగా పారుతుంది, ఇంకోరోజు నీలంగా. ఏం చెయ్యాలో తేల్చడానికి కమిటీ వేశారు. మూడు దారులు పెట్టారు. ఒకటి, షెడ్లు మూసేసి అక్కడి జనానికి వేరేచోట ఇళ్ళిచ్చి పంపెయ్యడం. రెండు, షెడ్లన్నిటికీ కలిపి ఒక ప్లాంటు కట్టి, నీళ్ళు శుభ్రమయ్యాకే కాలవలోకి వదలడం. మూడు, ఉన్నవి ఉన్నట్టే ఉంచి తనిఖీలు పెంచడం. జనానికి తెల్ల ఫారం, ఆఫీసర్లకి పసుపు ఫారం. ప్రశ్నలు రెండింట్లోనూ అవే. తర్వాత పోల్చి చూస్తారట, పైవాళ్ళు కోరేదేమిటో, కిందివాళ్ళు కోరేదేమిటో.

ఒక ప్రశ్న మాత్రం నాకు భలే నచ్చింది. ఆఫీసర్లని, జనం ఏది కోరతారని మీ అంచనా అని అడగాలి. జనాన్ని, ఆఫీసర్లు ఏది కోరతారని మీ అంచనా అని అడగాలి. ఎదుటివాడి మనసు ఎవరికి ఎంత తెలుసో బయటపడుతుంది. చివర ఒక ఖాళీ డబ్బా, 'మీ మాటల్లో చెప్పండి' అని. దాన్ని ఎవరూ చదవరు.

రూల్స్ పాతవే. ప్రతి ఏడో గుమ్మం. తాళం ఉంటే మూడుసార్లు వెళ్ళాలి. సొంత మనుషుల ఫారం రాయకూడదు, ఇంకో సర్వేయరుకి అప్పగించాలి. ఈ చివరిది సూపర్‌వైజరు రెండుసార్లు చెప్పాడు. ఉద్యోగాలు పోతాయి అన్నాడు. ఆయన మాట్లాడే ప్రతిదానికీ చివర ఉద్యోగాలు పోతాయి అనే తోక ఉంటుంది కాబట్టి ఎవరూ భయపడలేదు.

జూన్ 6

పసుపు ఫారాలు మొదలుపెట్టాను. డ్రైనేజీ ఇంజినీరు రెండు గంటలు కూర్చోబెట్టి మూడు నిమిషాల్లో చెప్పేశాడు. ఆయనకి ప్లాంటే కావాలి. డ్రాయింగు కూడా గీసి పెట్టుకున్నాడు, సొరుగులోంచి తీసి చూపించాడు, పెళ్ళికాని కూతురి ఫోటో చూపించినట్టు. మరి జనం ఏం కోరతారండీ అంటే, మూసెయ్యమంటారు అన్నాడు. ఎలా తెలుసు అంటే ఒక లావుపాటి ఫైలు చూపించాడు, అన్నీ ఫిర్యాదులే. తిరగేశాను. అన్నీ కాలవకి అవతలి అపార్ట్‌మెంట్ల నుంచే. షెడ్ల వీధి నుంచి ఒక్క కాగితం లేదు. వాళ్ళెందుకు రాస్తారు, రాయడానికి చేతులు ఖాళీ ఉండొద్దూ!

కమిటీకి పెద్ద ఒక ఆవిడ. పెద్దాఫీసరు అంటాం. మంచి మనిషే. కుర్చీ వేయించి, మంచినీళ్ళిప్పించి, ఓపిగ్గా చెప్పింది. నా చేతుల్లో ఉంటే ప్లాంటే కడతానమ్మా, కానీ జనానికి ఓపిక ఉండదు, వాసన రేప్పొద్దునకల్లా పోవాలంటారు అంది. ఆవిడ చేతుల్లో కాకపోతే ఇంకెవరి చేతుల్లో ఉందో నాకర్థం కాలేదు. రాసుకున్నాను.

జూన్ 9, ఆదివారం

అన్నయ్య ఇంటికి వెళ్ళాను. ముందువైపు షెడ్డు, వెనకవైపు ఇల్లు. అవును, అన్నయ్యదీ అద్దకం షెడ్డే, కాలవ వీధి మూడో సందులో. నాకు తొమ్మిదేళ్ళప్పుడు అమ్మానాన్నా ఏడాది తేడాతో పోయారు. పంతొమ్మిదేళ్ళ అన్నయ్య చదువు మానేసి ఇక్కడ పనిలో చేరాడు. ముప్పై మూడేళ్ళయింది. నా చదువంతా ఈ రంగునీళ్ళలోంచే వచ్చింది. అన్నయ్యకి మోచేతుల దాకా నీలం, ఎంత రుద్దినా పోదు. చిన్నప్పుడు మా స్కూలుకి వస్తే పిల్లలు చూసి నవ్వేవాళ్ళు. ఒకసారి వాళ్ళతోపాటు నేనూ నవ్వాను.

వచ్చావా ఆఫీసరమ్మా, మమ్మల్ని ఎప్పుడు మూసేస్తున్నావ్ అన్నాడు. అని నవ్వబోయి దగ్గాడు. ఆ దగ్గు అన్నం అయ్యేదాకా ఆగలేదు. ఎక్స్‌రే బీరువా మీద పడేసి ఉంది, కవరు మీద దుమ్ము. ఆ ఆవిరి మానకపోతే ఊపిరితిత్తులు మిగలవని డాక్టరు మొహాన చెప్పాడు. నేను చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. మానేసి ఏం చెయ్యమంటావ్, నీ వెనకాల ఫారాల సంచి మొయ్యనా అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. చచ్చిపో అయితే అన్నాను. వదిన వంటింట్లోంచి తొంగిచూసి ఆదివారం పూట ఏం మాటలవి అంది.

కాస్త చల్లబడ్డాక సర్వే సంగతి చెప్పాను. మా గుమ్మానికి వస్తే నువ్వే వస్తావా అని అడిగాడు. సొంత మనుషులవి రాయకూడదు, ఉద్యోగం పోతుంది, ఇంకెవరో వస్తారు అన్నాను. ఎవరో ఒకరు, వచ్చి అడిగితే చాలు, చెప్పాల్సింది చాలా ఉంది అన్నాడు. ఏమిటది అని నేను అడగలేదు. నా ధ్యాసంతా ఎక్స్‌రే మీదే ఉంది.

పెరట్లో మూడు గోతులు తవ్వి పెట్టాడు, పక్కపక్కనే. ఇంట్లో నడవడానికి చోటు లేదు, ఈయన గోతులు తవ్వుతున్నాడు అని వదిన గొణిగింది. సామాను పెట్టుకోడానికి కాబోలనుకున్నాను.

జూన్ 12

కాలవ వీధి, ఒకటో సందు, రెండో సందు. ఇవాళ పదకొండు తెల్ల ఫారాలు. ఎనిమిదింట్లో ప్లాంటు. అన్నయ్య పక్క షెడ్డు బాబాయికి ఇంకో ఇల్లు రెండో సందులో ఉంది, ఆయనా దొరికాడు. చుట్టం కాదు, పిలుపుకే బాబాయి. ప్లాంటు పెడితే మా వంతు మేమిస్తాం, ఎవడొద్దన్నాడు అన్నాడు. ఆఫీసర్లు ఏం కోరతారు బాబాయ్ అంటే పగలబడి నవ్వాడు. వాళ్ళకేం తల్లీ, మూసి సీలేస్తే పనైపోతుంది, మాకోసం ప్లాంటు కట్టే మొహాలా అవి అన్నాడు.

వీళ్ళనడిగితే వాళ్ళు మూస్తారంటారు. వాళ్ళనడిగితే వీళ్ళు మూయమంటారంటారు. తీరా చూస్తే ఇద్దరికీ కావలసింది ఒకటే. మధ్యలో సంచీ మోసుకు తిరిగే నాకొక్కదానికే తెలుసు ఈ సంగతి. నవ్వొచ్చింది.

జూన్ 14

మూడో సందులో లెక్కపెట్టుకుంటూ వచ్చాను. ఏడో గుమ్మం అన్నయ్యది.

జూన్ 15, శనివారం, సాయంత్రం 6

రాసేస్తాను. ఇక్కడైనా రాయాలి.

ఫారాలు ఇవ్వడానికి ఇవాళే ఆఖరు. అన్నయ్య ఫారం కళ్ళజోడుకి ఇవ్వాలి. పక్క టేబులు సర్వేయరు, సోడాబుడ్డి కళ్ళద్దాలు పెట్టుకుంటుంది, అందుకే ఆ పేరు. రెండ్రోజులుగా జ్వరమని రాలేదు. సూపర్‌వైజరుకి చెబితే ఇంకొకర్ని పంపేవాడు. చెప్పలేదు. జ్వరం నాకో సాకు మాత్రమే.

మూడున్నరకి మూడో సందుకి వెళ్ళాను. సందు మొదట్లో టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాను. అక్కణ్ణించి షెడ్డు తలుపు కనిపిస్తుంది. అన్నయ్య తొట్టి మీదికి వంగి నూలు తిప్పుతున్నాడు. మొహమంతా ఆవిరి. మధ్యలో కర్ర వదిలేసి, తలుపు చెక్క పట్టుకుని దగ్గడం మొదలుపెట్టాడు. ఎంతసేపో. ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. టీ కొట్టతను కూడా అటు చూసి, పాపం, రోజూ ఇంతే అన్నాడు. దగ్గు తగ్గాక మూతి తుడుచుకుని మళ్ళీ తొట్టి మీదికే వంగాడు.

నాకు కోపం కట్టలు తెంచుకుంది. అన్నయ్య మీద, తొట్టి మీద, నా మీద. అడిగితే ఏమంటాడో నాకు తెలుసు, నవ్వి దగ్గుతాడు. అక్కడే, ఆ బల్ల మీదే ఫారం తీశాను. మొదటి గడిలో టిక్ పెట్టాను. మూసెయ్యడం. 'మీ మాటల్లో' దగ్గర ఇలా రాశాను: "ముప్పై మూడేళ్ళుగా ఈ ఆవిరి పీలుస్తున్నాను. ఇక చాలు. మూసెయ్యండి. మేము ఏదో ఒకటి చేసుకుని బతుకుతాం."

అడగందే అమ్మయినా పెట్టదంటారు. నేను అడగకుండానే వడ్డించేశాను. పన్నెండు వందల ఫారాల్లో ఒకటి. దీనివల్ల కాలవ మారదు, లోకం మారదు. నా కడుపుమంట కాస్త చల్లారింది, అంతే.

యాభై అడుగుల దూరంలో ఉన్నాడు. లేచి వెళ్ళి అడిగితే పది నిమిషాల పని.

జూన్ 16

పలకరించకుండా వచ్చేశానని అన్నయ్యకి తెలిసిపోయింది. టీ కొట్టతను చెప్పాడట. అంత బిజీ అయిపోయావా ఆఫీసరమ్మా అని ఫోనులో ఎగతాళి చేశాడు.

జూన్ 28

లెక్కలు ఎక్కించడం పూర్తయింది. ఆఫీసర్లు ఎనభై నలుగురిలో ప్లాంటు కావాలన్నవాళ్ళు నూటికి యాభై ఒక్కరు. జనంలో నూటికి యాభై ఎనిమిది. జనం మూసెయ్యమంటారని అంచనా వేసిన ఆఫీసర్లు మాత్రం నూటికి డెబ్బై మంది! ఆఫీసర్లు మూసేస్తారని అంచనా వేసిన జనం ఇంకా ఎక్కువ. సూపర్‌వైజరు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఇన్నాళ్ళూ ఒకరికొకరు భయపడి చచ్చార్రా బాబూ అన్నాడు. ముప్పై ఒకటో పేజీలో టేబులు వేశాం.

ప్లాంటు వచ్చేస్తుంది. ఇంక ఆగదు. ప్లాంటొస్తే ఆవిరి గొట్టాలు కూడా పెట్టాలని ఇంజినీరు డ్రాయింగులో ఉంది, నేను చూశాను. అన్నయ్య దగ్గూ తగ్గుతుంది, షెడ్డూ ఉంటుంది. నేను రాసిన పిచ్చి ఫారం ఆ యాభై ఎనిమిది కింద ఎక్కడో సమాధి అయిపోయింది. ఇవాళ ఆకలేసి తిన్నాను.

జూలై 5

రిపోర్టు అచ్చయి వచ్చింది. అట్ట తిప్పగానే మొదటి పేజీ. పేజీ అంతా ఖాళీ, మధ్యలో పెద్దక్షరాలు.

"ముప్పై మూడేళ్ళుగా ఈ ఆవిరి పీలుస్తున్నాను. ఇక చాలు. మూసెయ్యండి. మేము ఏదో ఒకటి చేసుకుని బతుకుతాం."

కింద చిన్నక్షరాల్లో: అద్దకం పనివాడు, 52 ఏళ్ళు, కాలవ వీధి, మూడో సందు.

ఖాళీ డబ్బాలన్నీ పెద్దాఫీసరు కూర్చుని తనే చదివిందట. ఒక్కొక్కటీ. ఇది చదివి కళ్ళనీళ్ళు పెట్టుకుందట. ఇంత మంచి కోట్ తెచ్చినందుకు సూపర్‌వైజరు అందరి ముందూ నన్ను మెచ్చుకున్నాడు. కళ్ళజోడు చప్పట్లు కొట్టింది.

జూలై 9

కమిటీ మీటింగు. కాగితాలు అందించడానికి నన్నూ వెనక కూర్చోబెట్టారు. ముప్పై ఒకటో పేజీ తియ్యండి అని మా సూపర్‌వైజరు రెండుసార్లు అన్నాడు. ఇద్దరు ముగ్గురు తీశారు. డ్రైనేజీ ఇంజినీరు డ్రాయింగు చుట్టి చంకలో పెట్టుకొచ్చాడు, చుట్ట విప్పే అవకాశం రాలేదు. పెద్దాఫీసరు మొదటి పేజీ చదివి వినిపించింది. అంకెల సంగతి సరే, ఆవిరి పీల్చే మనిషే మూసెయ్యమంటుంటే ప్లాంటు కట్టి అతన్ని అక్కడే ఉంచడానికి మనమెవరం అంది. బతుకుతాం అని వాళ్ళే అంటున్నారు, దారి మనం ఇద్దాం అంది. అందరూ తలలూపారు. ఇంజినీరు కూడా.

చెడ్డవాళ్ళయితే తిట్టుకుని ఊరుకునేదాన్ని. జాలిపడి మూసేశారు.

లేచి నిలబడాలి అనుకున్నాను. కాళ్ళు లేవలేదు. కాదు, నేను లేపలేదు.

జూలై 12

పద్నాలుగు షెడ్ల తలుపులకీ నోటీసులు అంటించారు. ఇరవై రోజుల గడువు. పదముగ్గురు షెడ్డువాళ్ళు సంతకాలు పెట్టి అర్జీ తెచ్చారు. ఆ మొదటి పేజీ మాట మా వీధిలో ఎవరూ అనలేదు, అబద్ధం రాశారు అని. మూడో సందులో యాభై రెండేళ్ళవాడు ఒక్కడే. పద్నాలుగో సంతకం లేదు. అన్నయ్య పెట్టలేదు, నేనన్నాను అనీ చెప్పలేదు, అనలేదు అనీ చెప్పలేదట. చెల్లెలు ఆఫీసులో ఉందిగా, ఆమెతో చెప్పించి మా నోట్లో మట్టి కొట్టాడు అని వీధిలో అనుకుంటున్నారట. వదిన ఫోను చేసి ఇవన్నీ చెప్పింది. చెప్పి ఆగింది. నేనేమైనా అంటానని ఆగింది. కూర మాడుతోంది అని పెట్టేశాను. పొయ్యి మీద ఏమీ లేదు.

అర్జీ వచ్చింది కాబట్టి సోమవారం ఆ ఫారం చెకింగు చేస్తారు. మాలోనే ఇంకొకరు ఆ ఇంటికి వెళ్ళి, మిమ్మల్ని నిజంగా అడిగారా, మీరు ఇలాగే చెప్పారా అని అడిగి సంతకం తీసుకోవాలి. ఫారం అబద్ధమని తేలితే తీర్మానం మళ్ళీ కమిటీకి వెళ్తుంది, సర్వేయరు ఇంటికి వెళ్తుంది అన్నాడు సూపర్‌వైజరు.

రేపే చెప్పేస్తాను.

జూలై 13

చెప్పలేదు.

జూలై 14, ఆదివారం

అన్నయ్య ఇంటికి వెళ్ళలేదు. తలనొప్పి అని మెసేజీ పెట్టాను. జండూబామ్ రాసుకో అని జవాబు పెట్టాడు.

జూలై 15, ఉదయం 7:20

ఉత్తరం రాశాను. ఆ ఫారం నేనే రాశాను, అతను మా అన్నయ్య, అతన్ని నేను అడగనే లేదు. మూడే వాక్యాలు. పది గంటలకి సూపర్‌వైజరు చేతిలో పెడతాను. ఉద్యోగం పోతే పోనీ.

అదేరోజు, మధ్యాహ్నం

కళ్ళజోడు ఇంటి దగ్గర్నించే నేరుగా వెళ్ళిపోయిందట, ఎనిమిదింటికే. పదకొండుకి ఆఫీసుకొచ్చి, కుర్చీలో కూలబడి, విసనకర్రలా ఫైలుతో విసురుకుంటూ చెప్పింది. అతను మా అన్నయ్యని దానికి తెలీదు.

మంచి మనిషే అంది. ఫారం చదివి వినిపించిందట. ఒక్కో మాటా శ్రద్ధగా విన్నాడట, మొదటిసారి వింటున్నట్టు. తర్వాత ఒకటే అడిగాడట, ఇది నేను చెప్పలేదంటే ఆ రాసినమ్మాయికి ఏమవుతుందండీ అని. ఉద్యోగం పోతుంది, ఇంకెక్కడా సర్వే పని ఇవ్వరు అని చెప్పిందట ఇది. చెప్పాలా అంతా? తొట్టి వైపు చూసి, చెయ్యి తుడుచుకుని, నేనే చెప్పానండీ అని సంతకం పెట్టాడట. ఎవరో అమ్మాయి వచ్చింది, ఒద్దికగా అడిగింది, చెప్పింది చెప్పినట్టు రాసుకుంది అన్నాడట. మీకు తెలిసినామేనా అంటే, లేదండీ, ఆ పిల్లని అంతకుముందు ఎప్పుడూ చూడలేదు అన్నాడట.

కాగితం చూపించింది. సంతకం పక్కన నీలం వేలిముద్ర అంటుకుంది.

ఉత్తరం నా సంచిలోనే ఉంది.

జూలై 16

పొద్దున్నే వెళ్ళాను. వదిన తలుపు తీసి పక్కకి జరిగింది. మంచినీళ్ళు తెచ్చి నా ముందు పెట్టి, మొహం చూడకుండా అంది. ఆయన కంచంలో పెట్టుకున్నది నీ కంచంలో వేసేవాడు నీకు తొమ్మిదేళ్ళప్పుడు, నేను కాపురానికొచ్చాక కూడా చూశాను, ఒక్కసారి అడిగుంటే నీ నోరు పడిపోయేదా అంది. వదిన నన్ను ఏనాడూ ఒక్క మాట అని ఎరగదు. లోపలికి వెళ్ళిపోయింది.

అన్నయ్య కాళ్ళ మీద పడ్డాను. ఛ, లే, ఏడుపు మొహం కడుక్కో అన్నాడు. పెరట్లోకి తీసుకెళ్ళాడు. మూడు గోతుల్లోనూ నీళ్ళున్నాయి. మొదటిదాంట్లో చిక్కటి ఎరుపు, రెండోదాంట్లో పలచగా, మూడోదాంట్లో దాదాపు మామూలు నీళ్ళు. సున్నం, పటిక వేసి, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి తేర్చుకుంటూ వెళ్ళాలట. మూడు నెలలు కష్టపడి కొలతలు కనిపెట్టాడు. పదకొండు షెడ్లవాళ్ళని పిలిచి చూపించాడు. చివరి షెడ్డు వెనక ఖాళీ స్థలం ప్లాంటుకి ఇస్తామని అందరినీ ఒప్పించాడు. సర్వేవాళ్ళు వచ్చినప్పుడు చూపిద్దామని మూడో గోతి నీళ్ళు సీసాలో పట్టి ఉంచాడు. స్థలం లేదనేగా ప్లాంటు ఆగింది ఇన్నేళ్ళూ అన్నాడు. అడిగితే చెప్దామని కూర్చున్నా అన్నాడు.

కోప్పడితే బాగుండేది. కొడితే ఇంకా బాగుండేది. నీళ్ళు చూపిస్తుంటే అన్నయ్య మొహంలో గర్వం కూడా ఉంది.

ఆఫీసులో నిజం చెప్పేస్తానన్నాను. వద్దు అన్నాడు. నేను సంతకం పెట్టేశా, నువ్విప్పుడు చెబితే ఉద్యోగమూ పోతుంది, నేను అబద్ధాలకోరునని కాగితం మీదా పడుతుంది, కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది అన్నాడు. షెడ్డుదేముంది, నువ్వు చదువుకున్నావు, అది పోకూడదు అన్నాడు.

నేను ఆగిపోయాను. అన్నయ్య వద్దన్నాడని ఆగాననుకోవాలని ఉంది. కానీ వద్దంటాడని తెలుసు కాబట్టే మొదట అన్నయ్య దగ్గరికి వెళ్ళాను, ఆఫీసుకి వెళ్ళకుండా. ఇది ఎవరికీ చెప్పలేను. ఈ డైరీకైనా చెప్పాలి.

ఆగస్టు 1

షెడ్లకి సీలు వేశారు. సందు చివర నిలబడి చూశాను. తాళం వేసే మనిషి దగ్గర లక్క కరిగించడానికి నిప్పు లేకపోతే అన్నయ్యే అగ్గిపెట్టె అందించాడు. పక్క షెడ్డు బాబాయి అన్నయ్య ముందుకొచ్చి, వీధంతా వినేట్టు, ఎవరినడిగి అన్నావురా ఆ మాట అన్నాడు. ముప్పై ఏళ్ళుగా ఒకరి తొట్టిలో రంగు ఒకరు అప్పు తెచ్చుకున్నవాళ్ళు. నేనే అన్నా బాబాయ్, తెలివితక్కువతనం అన్నాడు అన్నయ్య తల వంచుకుని. బాబాయి భుజం మీద తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. మిగిలినవాళ్ళూ వెళ్ళిపోయారు.

నా అంత పిరికిది భూమ్మీద లేదు. పక్కన స్తంభం చాటుకి జరిగాను.

ఆగస్టు 19

కొత్త కాలనీలో ఇల్లిచ్చారు, నాలుగో అంతస్తు. కింది మూడు అంతస్తుల్లోనూ కాలవ వీధి వాళ్ళే. మెట్లెక్కేటప్పుడు ఒక్క తలుపూ తెరుచుకోదట అన్నయ్యకి.

సెప్టెంబరు 22, ఆదివారం

కొత్త ఎక్స్‌రే తీయించాం. డాక్టరు దీపానికి అడ్డం పెట్టి చూసి సంతోషపడ్డాడు. చాలా క్లియర్ అయింది, మంచి పని చేశారు మానేసి అన్నాడు. అన్నయ్య థాంక్సండీ అన్నాడు. ఇప్పుడు ఒక గోడౌనుకి కాపలా ఉంటున్నాడు. కుర్చీలో కూర్చోవడమే పని. చేతులు తెల్లబడ్డాయి. నీలం పోయాక ఆ చేతులు ముసలివాళ్ళ చేతుల్లా ఉన్నాయి. దగ్గు లేదు. నేను కోరుకున్నది కోరుకున్నట్టు జరిగింది.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. ఏం మాట్లాడాలో తెలీక ఉద్యోగం ఎలా ఉంది అన్నాను. బావుంది అన్నాడు. నిజంగా బావుందా అన్నాను. నీకు తెలుసుగా అన్నాడు. దెప్పాడో, మామూలుగానే అన్నాడో తెలీలేదు. స్టాపు వచ్చింది, దిగిపోయాడు. ఆఫీసరమ్మా అని పిలిచి ఎన్నాళ్ళయిందో.

నవంబరు 18

కొత్త కాలనీ సర్వే ఫారాలు ఎక్కిస్తున్నాను. అన్నయ్యది కూడా వచ్చింది, కళ్ళజోడు దస్తూరీ. ప్రశ్న పదకొండు, ఊళ్ళో మీకు దగ్గరివాళ్ళు, కష్టమొస్తే ఆదుకునేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

ఎవరూ లేరు.

ఈసారి ఆయన చెప్పిందే ఎక్కించాను.